పెంపుడు కుక్కల పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లీషువారు మన దేశంనుండి తరలించుకుపోయిన వాటిలో మాటలు కూడ ఉన్నాయి. ‘లూటీ’ అట్టి వాటిలో ఒకటి. హిందీ బజారులో వాడుకలో ఉన్న ఈ మాట కంపెనీ సిపాయిల నోటినుండి దొరల నోటికి ఎక్కి, క్రమంగా వారి నిఘంటువులో స్థిరపడింది. తెలుగువారికి దీని అర్థం చెప్పవలసిన పని లేదు. ఈ పేరుగల ఒక చిన్న కుక్క 1861 మొదలు 1872 వరకు విక్టోరియా రాణి పోషణలో జీవించింది.

1860 అక్టోబరులో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు చైనా రాజధాని అయిన పీకింగు నగరపు పొలిమేరలకు చేరాయి. నల్లమందు యుద్ధాలలో రెండవదానికి అది చివరి ఘట్టం. చక్రవర్తి అప్పటికే రాజధాని విడిచి వెళ్ళాడు. నగరం వెలుపల యువాన్‌మింగ్‌యువాన్ అనే విశాలమైన ఉద్యానప్రాసాదం ఉండేది. సైనికులు దానిని మొదట దోచుకున్నారు. పిమ్మట ఇంగ్లీషు రాయబారి అయిన ఎల్గిన్ ప్రభువు ఉత్తరువుపై తగులబెట్టారు. ఈ ఎల్గిన్ ప్రభువే 1862లో మన దేశానికి వైస్రాయిగా వచ్చాడు. ఆ దోపిడి నడుమ ప్రాసాదంలో ఐదు పొట్టి కుక్కలు దొరికాయి. అవి రాజాంతఃపురంలో పెరిగే జాతికి చెందినవి. బయటి ప్రపంచానికి వాటి సంగతే తెలియదు. డన్ అనే కెప్టెను వాటిలో ఒకదానిని ఇంగ్లండుకు తెచ్చి 1861లో రాణికి సమర్పించాడు. దానికి లూటీ అని పేరు పెట్టారు. కైల్ అనే చిత్రకారుడు దాని పటం కూడ వ్రాశాడు. మిగిలినవి ప్రభుకుటుంబాల ఇళ్ళకు చేరాయి.

పేరు పెట్టినవారి నిస్సంకోచానికి ఆశ్చర్యపడవలసిందే. అయితే అందులో ఒక విధమైన నిజాయితీ కూడ లేకపోలేదు. కుక్క తమ ఇంటికి ఏ మార్గాన వచ్చినదో ఆ పేరు దాచలేదు. అటుతర్వాత నూరేళ్ళలో చేతులు మారిన లక్షలాది కుక్కల పేర్లు ఆ మాత్రం సమాచారం కూడ ఇవ్వలేదు.

కుక్కను గురించి మనిషి అడగగలిగిన ప్రశ్నలు రెండున్నాయి. ఇది ఏ జాతిది, ఎవరి సంతానం అన్నది ఒకటి. ఇది నీ ఇంటికి ఎట్లా వచ్చింది అన్నది రెండవది. చూడబోతే రెండూ ఒకటే ప్రశ్న వలె కనిపిస్తాయి. కాని పందొమ్మిదవ శతాబ్దపు లండను చరిత్రను పరిశీలిస్తే, మొదటి ప్రశ్నకు ప్రదర్శనశాలలు, సంఘాలు, అచ్చుపుస్తకాలు ఏర్పడినట్లును, రెండవ ప్రశ్న మురికివాడల సందులలోనే మిగిలిపోయినట్లును బోధపడుతుంది. ఈ ప్రసంగంలో ఆ కథను చెప్పదలచాను.

1840 ప్రాంతాల లండనులో కుక్కల దొంగతనం ఒక స్థిరమైన వృత్తి. అందుకు కారణం ధర్మశాస్త్రంలోనే ఉన్నది. ఇంగ్లీషు సంప్రదాయ న్యాయం ప్రకారం గుర్రం, ఆవు, కోడి ఆస్తి. వాటిని దొంగిలిస్తే దొంగతనం. కుక్క మాత్రం వినోదానికి పెంచే ప్రాణి కనుక దానిని అపహరించడం ఆ లెక్కలోకి రాదు. కుక్క మెడలోని పట్టెడను దొంగిలించినవాడు దొంగ. పట్టెడ విప్పి అక్కడ పారవేసి కుక్కను మాత్రం తీసుకుపోయినవాడు దొంగ కాడు! దీనిని సవరించడానికి మధ్యమధ్య వచ్చిన చట్టాలు ప్రధానంగా జరిమానాలతో సరిపెట్టాయి. లాభం ముందు ఆ జరిమానాలు ఏపాటివి?

ఈ వృత్తివారు కుక్కను అమ్ముకోవడంకంటె యజమానికే తిరిగి అమ్మడం లాభసాటి అని కనిపెట్టారు. కొత్తవాడు కుక్కకు కట్టే వెల దాని అందాన్నిబట్టి ఉంటుంది. పోగొట్టుకున్నవాడు ఇచ్చే వెల దాని మీది ప్రేమనుబట్టి ఉంటుంది. అందువల్ల ప్రేమ ఎక్కువగా ఉన్న ఇళ్ళను వెతికి దొంగిలించేవారు. ఒకడు కుక్కను ఎత్తుకుపోతాడు. మరొకడు మర్యాదస్తుని వలె ఇంటికి వచ్చి, మీ కుక్క ఎక్కడున్నదో నాకు తెలిసినవారికి తెలుసునంటాడు. బేరం కుదిరితే కుక్క ఇల్లు చేరుతుంది. లండను పేదల జీవనాన్ని గురించి పెద్ద గ్రంథం వ్రాసిన హెన్రీ మేహ్యూ వీథులలో కుక్కలనమ్మేవారిని, ‘కుక్కలను కనిపెట్టేవారిని’ వర్ణిస్తూ ఈ పద్ధతులన్నీ వివరించాడు. దొంగకు కనిపెట్టేవాడని పేరు పెట్టిన ఊరు అది.

1844లో పార్లమెంటు ఈ విషయమై ఒక ఉపసంఘాన్ని నియమించి సాక్ష్యాలు తీసుకున్నది. 1845లో చట్టం వచ్చింది. కుక్కను దొంగిలించినవానికి పద్ధెనిమిది నెలలవరకు ఖైదు విధించవచ్చు. అంతకంటె ముఖ్యమైన అంశం మరొకటి ఉన్నది: దొంగిలించిన కుక్కను తిరిగి ఇప్పిస్తానని చెప్పి డబ్బు పుచ్చుకోవడం కూడ నేరమైనది. చట్టం బాగానే ఉన్నది. అది అమలులోకి వచ్చిన మరుసటి ఏడు జరిగిన ఒక సంఘటన దాని బలమెంతో చూపింది.

ఎలిజబెత్ బారెట్ అనే కవయిత్రి లండనులోని వింపోల్ వీథిలో తండ్రిగారి ఇంట్లో, జబ్బు మనిషిగా, గది దాటకుండా ఏళ్ళ తరబడి గడిపింది. ఆమెకు 1841లో మేరీ మిట్‌ఫర్డ్ అనే రచయిత్రి ఫ్లష్ అనే స్పానియల్ కుక్కపిల్లను బహుమానంగా పంపింది. అది మిట్‌ఫర్డ్ ఇంట్లోని కుక్కకే పుట్టినది. స్నేహితురాలి ఇంటినుండి స్నేహితురాలి ఇంటికి వచ్చిన కుక్క. ఇంతకంటె నిష్కల్మషమైన రాక ఉండబోదు. అట్టి ఫ్లష్‌ను దొంగలు మూడుసార్లు ఎత్తుకుపోయారు: 1843లో ఒకసారి, 1844లో ఒకసారి, 1846 సెప్టెంబరు 1వ తేదీన మూడవసారి. వర్జీనియా ఉల్ఫ్ 1933లో ఆ కుక్క జీవితచరిత్రగా ఒక పుస్తకం వ్రాసి, ఈ మూడు దొంగతనాలను కలిపి ఒకటిగా చేసింది. నవలకు అది చెల్లవచ్చు. మూడు అన్న లెక్కే మనకు ముఖ్యం. ఏలనగా రెండుసార్లు డబ్బు చెల్లించిన ఇల్లు కనుకనే దొంగలు మూడవసారి వచ్చారు.

మూడవసారి ఎలిజబెత్ తన చెల్లెలితో బజారుకు వెళ్ళి బండి ఎక్కుతున్న క్షణంలో కుక్క మాయమైంది. ముఠా నాయకుని పేరు టేలర్. అతడు చిరునామా లేని మనిషి కాడు. బేరమాడడానికి తానే ఇంటికి వచ్చేవాడు. అడిగిన సొమ్ము ఆరు గినీలు. తండ్రి ఇవ్వరాదన్నాడు. తమ్ముడొకడు టేలర్‌ను ముఖంమీద దొంగా, మోసగాడా అని తిట్టడంతో బేరం చెడింది. బేరమాడి ఆలస్యం చేసిన మరొక ఇల్లాలికి కుక్క తల మూటకట్టి పంపారన్న వార్త అప్పటికే ప్రచారంలో ఉండేది. ఎలిజబెత్ మరి ఆగలేదు. గది దాటడానికే భయపడే ఆ మనిషి, పరిచారికను వెంటబెట్టుకుని, బాడుగ బండిలో లండను తూర్పుపేటల మురికివాడలకు తానే వెళ్ళి టేలర్ ఇల్లు వెతికింది. టేలర్ లేడు, అతని భార్య మర్యాదగానే మాట్లాడి పంపింది. చివరకు మరొక తమ్ముడు సొమ్ము చెల్లించగా ఫ్లష్ దప్పికతో, మురికితో ఇల్లు చేరింది.

ఆమె అప్పటికి రాబర్ట్ బ్రౌనింగ్ అనే కవితో రహస్యంగా వివాహానికి నిశ్చయించుకుని ఉన్నది. ఈ ఐదారు రోజులలో వారిద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు నేటికీ లభిస్తాయి. సాహిత్యప్రియులు వాటిని ప్రేమలేఖలుగా చదువుతారు. నాకు మాత్రం అవి మంచి ధర్మవిచారంగా కనిపిస్తాయి. బ్రౌనింగ్ వాదం సూటిగా ఉన్నది: దొంగకు డబ్బిస్తే దొంగతనాన్ని పోషించినట్లే, నీవిచ్చే గినీలు రేపు మరొకరి కుక్కమీదికి పురికొల్పుతాయి, తానైతే చిల్లిగవ్వ ఇచ్చేవాడిని కానన్నాడు. ఎలిజబెత్ సమాధానం అంత సూటిగానూ ఉన్నది: ఒక సిద్ధాంతం కోసం నిరపరాధి అయిన ప్రాణిని బలిపెట్టే హక్కు తనకు లేదు, రేపు ఇటలీలో బందిపోట్లు తనను పట్టుకుని చెవులు కోసి పంపితే అప్పుడు కూడ ఆయన సిద్ధాంతమే వల్లిస్తారా అని అడిగింది. కవిగారివద్ద దానికి తగిన జవాబు లేకపోయింది. సెప్టెంబరు 12న వారి వివాహం జరిగింది. వారం రోజులకు దంపతులిద్దరూ ఫ్లష్‌తో సహా ఇటలీకి ప్రయాణమైపోయారు. కుక్కలను దొంగిలించే వ్యాపారం మాత్రం లండనులోనే ఉండిపోయింది.

ఈ వాదంలో ఎవరు గెలిచారన్నది తేల్చడం సులువు కాదు. వ్యాపారం విషయంలో బ్రౌనింగ్ చెప్పినది నిజం. ఫ్లష్ విషయంలో ఎలిజబెత్ చెప్పినది నిజం. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. నేటి కుక్కల అంగళ్ళ ముందు ఇదే ప్రశ్న మరొక రూపంలో ఎదురవుతుంది.

ఇక మొదటి ప్రశ్న ఎట్లా వర్ధిల్లిందో చూతము. 1859 జూన్‌లో ఇంగ్లండు ఉత్తరప్రాంతంలోని న్యూకాసిల్ పట్టణంలో కుక్కల ప్రదర్శన ఒకటి జరిగింది. వేటకు ఉపకరించే రెండు జాతులకే అందులో ప్రవేశం. వచ్చినవి అరవై కుక్కలు, బహుమతులు తుపాకులు. ఆధునిక కుక్కల ప్రదర్శనలకు అది నాంది అంటారు. మూడేళ్ళకే, 1862లో, లండనులోని ఇస్లింగ్టన్‌లో మహాప్రదర్శన జరిగి జనం విరగబడ్డారు. 1873లో కెన్నెల్ క్లబ్బు ఏర్పడింది. మరుసటి ఏడు వంశావళుల గ్రంథం అచ్చయినది. అందులో 4,027 కుక్కల వివరాలున్నాయి. కుక్క పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, గెలిచిన బహుమతి ఇందులో ఎక్కాయి. వంశం పేరుమీద విలువ పెరిగింది. విలువ పెరిగినకొద్దీ ముక్కు మరికొంత పొట్టిగా, చెవి మరికొంత పొడుగుగా ఉండాలన్న అభిరుచులు ప్రబలాయి.

రేడియో, గ్రామఫోను ఉన్న ఇళ్ళవారికి సుపరిచితమైన కుక్క ఒకటి ఉన్నది. హిజ్ మాస్టర్స్ వాయిస్ రికార్డుల మీద గరాటా ముందు చెవి ఒగ్గి కూర్చున్న నిప్పర్ అది. దానికి ఈ వంశావళిలో చోటు లేదు. అది సంకరజాతి కుక్క. యజమాని మరణించగా అతని తమ్ముడైన చిత్రకారుని పంచన చేరింది. ఎందరెందరో చూసిన ఆ కుక్క బొమ్మకు మూలం వారసత్వంగా వచ్చిన ఈ అనామక జీవి.

లూటీ చైనాలో చిక్కిన 1860లోనే లండనులోని హాలొవే ప్రాంతంలో మేరీ టీల్బీ అనే స్త్రీ, తప్పిపోయిన కుక్కలకు, ఆకలిగొన్న కుక్కలకు ఒక తాత్కాలిక నిలయాన్ని స్థాపించింది. మనుషులు ఆకలితో అలమటిస్తుండగా కుక్కలకు సత్రమా అని పత్రికలు వెక్కిరించాయి. టైమ్స్ పత్రిక ఆ వెక్కిరింతకు ముందున్నది. ఆమె లెక్కచేయలేదు. 1862లో డికెన్స్ నడిపే వారపత్రికలో వచ్చిన వ్యాసం ఒకటి ఇస్లింగ్టన్ ప్రదర్శనను, హాలొవే నిలయాన్ని పక్కపక్కన ఉంచి వర్ణించింది. రెంటి మధ్య దూరం బహుకొద్ది. ఒకచోట మెత్తలమీద బహుమతి కుక్కలు. ఒకచోట ఎవరైనా వచ్చి తనను గుర్తుపడతారేమోనని తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి చూసే కుక్కలు. మేరీ టీల్బీ 1865లో మరణించింది. నిలయం 1871లో బాటర్సీకి మారి, అదే పేరుతో నేటికీ నడుస్తున్నది. రాణి 1885లో దానికి పోషకురాలైనది. యజమాని రాని కుక్కలను కొత్త ఇళ్ళకు అమ్మేవారు. ఎవరూ తీసుకోనివాటిని చంపవలసి వచ్చేది. ఈ రెండవ భాగాన్ని దాచి ఆ సంస్థను పొగడడం సరి కాదు. పుట్టించేవారు పుట్టిస్తూ ఉంటే, విడిచేవారు విడుస్తూ ఉంటే, మధ్యనున్న సత్రం ఎంతకని భరించగలదు?

వంశావళి గ్రంథంలో ప్రతి కుక్కకు తల్లి పేరు ఉన్నదని చెప్పాను. కాని తల్లి పేరు తెలియడం వేరు, తల్లిని చూడడం వేరు. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ తేడా పెద్ద వ్యాపారానికి పునాది అయినది. అమెరికాలోను, ఇంగ్లండులోను, వేల్సులోను కోళ్ళఫారాల వలె కుక్కపిల్లల ఫారాలు వెలిశాయి. ఆడకుక్కను బోనులో ఉంచి, ఎదకు వచ్చిన ప్రతిసారి చూలు కట్టించి, పిల్లలను తొందరగా విడదీసి, దళారులద్వారా పట్టణాల అంగళ్ళకు చేర్చేవారు. అంగడి అద్దం వెనుక నిలబడిన పిల్ల ముద్దుగానే ఉంటుంది. మెడలో రిబ్బను, చేతిలో వంశపత్రం. తల్లి మాత్రం ఎక్కడో రేకుల షెడ్డులో ఉంటుంది. పందొమ్మిదవ శతాబ్దంలో కొనేవానికి దొంగ కనిపించేవాడు, ఇంటికి వచ్చేవాడు, వాని భార్య మాట్లాడేది. ఇరవయ్యవ శతాబ్దంలో అపరాధం కంటికి కనిపించని దూరానికి తరలిపోయింది.

ఆ దూరాన్ని తగ్గించినది లూసీ అనే ఆడకుక్క. వేల్సులోని అట్టి ఫారంనుండి 2013లో దానిని విడిపించేనాటికి ఏళ్ళ తరబడి కానుపులతో దాని నడుము వంగిపోయి ఉన్నది. 2016లో అది మరణించింది. దాని పేరుతో సాగిన ఉద్యమం ఫలితంగా 2020 ఏప్రిల్ 6 నుండి ఇంగ్లండులో ఆరు నెలలలోపు కుక్కపిల్లలను, పిల్లికూనలను దళారులు, అంగళ్ళవారు అమ్మరాదన్న చట్టం అమలులోకి వచ్చింది. కొనదలచినవారు పెంచినవారివద్దకే వెళ్ళాలి. పిల్లను తల్లితో కలిపి, పుట్టినచోట చూపాలి. లేదా ఆశ్రయనిలయంనుండి తెచ్చుకోవాలి. 1845 నాటి దొంగల బెడదకు కూడ ఇటీవల కొత్త చట్టం అవసరమైనది: 2024లో పార్లమెంటు కుక్కలను, పిల్లులను అపహరించడాన్ని ప్రత్యేక నేరంగా ప్రకటించి ఐదేళ్ళవరకు శిక్ష నిర్ణయించింది. కుక్కను వట్టి వస్తువుగా చూడరాదన్న గుర్తింపుకు నూటడెబ్బయి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఇదంతా పరదేశపు గోల అని శ్రోతలు అనుకోవచ్చును. మన సంప్రదాయంలో కుక్కను కొనడమన్న మాట వింతగానే వినిపించేది. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన శునకం ఆయన కొన్నదీ కాదు, ఎవరో ఇచ్చినదీ కాదు, వెంటబడి వచ్చినది. పల్లెలలో వీథికుక్క పిల్లలు పెడితే ఇంటి పిల్లలు ఒకదానిని చంకన పెట్టుకు వచ్చేవారు. ఈ పద్ధతిని మరీ కీర్తించనక్కరలేదు. ఎత్తుకువచ్చేది ఎప్పుడూ మగపిల్లనే. ఆడపిల్లలు వీథిలో మిగిలేవి, మళ్ళీ ఈనేవి. ఆ మిగిలినవే నేటి నగరాల వీథికుక్కల సమస్యలో ఒక భాగం.

నగరాలలో ఇప్పుడు కథ మారినది. మంచుదేశపు హస్కీ హైదరాబాదు మే నెల ఎండలో మూడవ అంతస్తు బాల్కనీలో రొప్పుతూ కనిపిస్తుంది. వ్యాపారం కోసం విదేశీ కుక్కలను దిగుమతి చేయడాన్ని కేంద్ర ప్రభుత్వం 2016లో నిషేధించింది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ఆరంభించిన కృషి ఫలితంగా వచ్చిన 1960 నాటి జీవకారుణ్య చట్టం క్రింద, 2017లో కుక్కల పెంపకపు వ్యాపారానికి, 2018లో పెంపుడు జంతువుల అంగళ్ళకు నియమాలు ఏర్పడ్డాయి. పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలివద్ద నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఆడకుక్కకు ఏడాదికి ఒక కానుపుకు మించరాదు. నియమాలు కాగితంమీద లోపం లేనివి. 1992లో అమల అక్కినేని స్థాపించిన హైదరాబాదు బ్లూక్రాస్ వంటి సంస్థలలో, వెల లేకుండా ఇంటికి రాగల కుక్కలు ఎల్లప్పుడూ ఉంటాయి. అయినా వారాంతపు సంతలలోను, సెల్‌ఫోను ప్రకటనలలోను అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి.

అక్కడ కొనేవారందరూ ఆడంబరం కోసమే కొంటారనడం అన్యాయం. చాలమంది జాలిపడి కొంటారు. ఇరుకు బోనులో, కళ్ళలో పుసితో, నెల నిండని పిల్లను చూసి, దీనిని ఇక్కడ విడిచిపోతే చస్తుందని డబ్బు చెల్లిస్తారు. ఎలిజబెత్ మాటే వారి మాట. కాని ఒక భేదమున్నది. ఫ్లష్ ఆమెను నమ్ముకుని ఐదేళ్ళు బ్రతికిన కుక్క. ఆమెకు దాని పట్ల ఋణం ముందే ఏర్పడి ఉన్నది. అంగడిలోని పిల్లకు మనం ఋణపడేది డబ్బు చెల్లించిన తర్వాత. ఆ సొమ్ముతో మరుసటి వారం అదే బోనులోకి మరొకటి వస్తుంది. ఇక్కడ బ్రౌనింగ్ వాదమే బలమైనదని నా అభిప్రాయం. అట్టి అంగడినుండి పిల్లను బయటికి తేవలసినది కొనేవారి సంచి కాదు, తనిఖీ అధికారి.

నన్నయ భారతం ఆరంభంలోనే ఒక ఆడకుక్క రాజు ఎదుటికి వస్తుంది. జనమేజయుని తమ్ములు సారమేయమనే కుక్కపిల్లను అకారణంగా కొట్టగా, దాని తల్లి సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీస్తుంది. పిల్ల వెనుక తల్లి ఉన్నదన్న సంగతి ఆ రాజుకు అప్పుడు తెలిసింది. నేటి అంగడిలో తల్లి ఏదని మీరు అడిగి చూడండి. ఊళ్ళో ఉన్నదండీ, పంపలేదండీ అంటారు. మరొకసారి అడిగితే ఫోనులో ఒక ఫోటో తీసి చూపుతారు. దానినే పక్క బోనులోని వేరొక పిల్ల కోసం వచ్చినవారికి కూడ చూపుతారు.